చెరువు పచ్చదనం: ఇంధనమా? ఆహారమా?

కాకతీయుల కాలంలో చెరువు త్రవ్వించడం సప్తసంతానాలలో ఒకటిగా, పుణ్యకార్యంగా భావింపబడేది. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించింది. భూపాలపల్లి జిల్లా గణపురంలోని గణపసముద్రమూ ఆ కాలానిదే. ఇటువంటి చెరువులలోను, జనగామ మెట్టప్రాంతపు కుంటలలోను ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు పచ్చదనం చిక్కబడుతుంది. ఆ రంగుకు ప్రధాన కారణం విడివిడిగా కంటికి కనిపించని సూక్ష్మశైవలాలు.

సూర్యరశ్మిని, కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి ఇవి మాంసకృత్తులను, పిండిపదార్థాలను, నూనెను తయారుచేసుకుంటాయి. మంచినీటిలో పెరిగే క్లోరెల్లా, సీనెడెస్మస్ వంటివాటి నూనెను ఉత్ప్రేరక సహాయంతో మిథనాల్‌తో చర్య జరిపిస్తే బయోడీజిల్, గ్లిజరిన్ లభిస్తాయి. అయితే ఏ శైవలం దేనికి తగినదో తేల్చడానికి శాస్త్రీయమైన పరీక్ష అవసరం. ముందుగా సూక్ష్మదర్శినితో జాతిని గుర్తించి వేరుచేయాలి. దానిని పెంచి, ఎదుగుదలను కొలవాలి. పిమ్మట ఎండబెట్టి, నూనెను, మాంసకృత్తులను, వర్ణకాలను లెక్కగట్టాలి.

ఇక్కడొక చిక్కు ఉంది. నత్రజని కొరత ఏర్పడినప్పుడు అనేక శైవలాలలో నూనె పాలు పెరుగుతుంది. కాని ఎదుగుదల మందగిస్తుంది. కనుక నూనె శాతాన్ని మాత్రమే చూసి మురిసిపోరాదు. లీటరు నీటికి రోజుకు ఎంత నూనె లభించిందన్నదే సరైన కొలత. పైగా ఆరుబయటి మడుగులో లీటరు నీటికి సుమారు అరగ్రాము శైవలమే ఉంటుంది. దానిని వడకట్టి ఎండబెట్టడానికే ఎంతో శక్తి ఖర్చవుతుంది. అమెరికా ప్రభుత్వం 1978 నుండి 1996 వరకు ఈ పరిశోధన సాగించి, వ్యయభారం వల్ల విరమించింది. 2009లో ఈ కృషికి పూనుకున్న ఎక్సాన్‌మొబిల్ సంస్థ కూడా 2023లో తప్పుకొన్నది.

పోషకాల విషయం వేరు. ఎండిన క్లోరెల్లాలో దాదాపు సగం మాంసకృత్తులే. కంటికి మేలుచేసే ల్యూటిన్ కూడా అందులో లభిస్తుంది. హెమటోకాకస్ అనే శైవలం ఆస్టాజాంథిన్ అనే ఎర్రని వర్ణకాన్ని ఇస్తుంది. ఇటువంటి పదార్థాలు కొద్దిపాటివైనా ఇంధనం కంటే ఎక్కువ ధర పలుకుతాయి.

అట్లని చెరువు పచ్చదనాన్ని నేరుగా ఆహారంగా స్వీకరించరాదు. మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ జీవి కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని పుట్టించగలదు. నీటిని మరిగించినా ఆ విషం నశించదు. భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం వంటి చోట్ల వెలువడే పొగలోని కార్బన్ డయాక్సైడ్‌తో శైవలాలను పెంచవచ్చు. కాని ఆ పొగ ద్వారా లోహాలు చేరే ప్రమాదం ఉన్నందున, అటువంటి పంటను పరీక్షింపక ఆహారంగా వాడరాదు.

అమృతమూ విషమూ ఒకే పచ్చని రంగులో ఉండగలవు. వాటిని వేరుచేసి చూపేది పరీక్ష ఒక్కటే.