ఒడ్డు కెక్కిన జలాంతర్గామి

మాది అమ్రాబాదు. నల్లమల మాకు పెరడు వంటిది. సముద్రాన్ని మాత్రం మా పిల్లలు పుస్తకాలలో చదవడమే గాని చూచి యెరుగరు. కిందటి సెలవులలో వాళ్లను వెంటబెట్టుకుని విశాఖపట్నం వెళ్లాను.

రామకృష్ణా బీచిలో ఐ.ఎన్.ఎస్. కురుసుర నిలిచి ఉంది. 91 మీటర్ల ఉక్కు చేప! అప్పటి సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్లు కొలువు చేసి 2001 ఫిబ్రవరిలో సెలవు పుచ్చుకుంది. పాత ఇనుముగా తూకానికి పోకుండా దానిని ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు.

ఒక కొసన ఎక్కి, గుండ్రని తలుపులలో వంగి దూరుతూ, మరొక కొసన దిగాలి. ఆ ఇరుకులో 75 మంది నెలల తరబడి ఎట్లా కాపురం చేశారో!

“శత్రువు ఇప్పుడే వచ్చాడండీ,” అన్నాడు లోపల చూపించిన మాజీ నావికుడు. “ఉప్పుగాలి! తుప్పు గీకడం, రంగు వేయడం ఒక్కనాటితో తీరేవి కావు.”

బయటికి రాగానే మా చిన్నవాడు అడిగాడు: “నాన్నా, మన అడవిలోని ప్రతాపరుద్రుని కోటకు ఇట్లా ఎవరూ రంగు వేయరేం?”

నాకు జవాబు దొరకలేదు. కాకతీయుల కాలపు సాహిత్యం ఏటేటా పాఠం చెపుతాను. కూతవేటు దూరంలో రాళ్లు రాలుతున్న ఆ కోటకు విద్యార్థుల నొక్కసారైనా తీసుకుపోలేదు!

అటవీశాఖవారి అనుమతి కోసం అర్జీ వ్రాశాను. ఈసారి పాఠం అక్కడే.