జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతోందా? వైద్యం దారి ముందే తెలుసుకోండి

మిర్యాలగూడ రైసుమిల్లులో గుమస్తా, కోదాడ హోటల్లో క్యాషియర్, సూర్యాపేట బట్టల షోరూంలో సేల్స్ ఉద్యోగి... ఇలాంటి ఎందరి జీతంలోనో నెలనెలా ఈఎస్‌ఐ కోత పడుతుంది. దాంతో ఏం వస్తుందో మాత్రం చాలామంది జబ్బు చేశాకే ఆరా తీస్తారు.

చందా, చికిత్స ఒకేచోట

పది మంది, అంతకుమించి పనిచేసే సంస్థల్లో నెల జీతం 21,000 రూపాయల లోపున్నవారు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తారు. 18,000 జీతమైతే ఉద్యోగి వాటా 135 రూపాయలే. యజమాని 585 కడతారు.

సాధారణ ఆరోగ్య బీమా బిల్లు చెల్లించి ఊరుకుంటుంది. ఈఎస్‌ఐ అలా కాదు. చందా తీసుకుని డిస్పెన్సరీ, ఆస్పత్రి, మందులు, పెద్దాస్పత్రికి రిఫరల్ అన్నీ తానే చూస్తుంది. అమెరికాలో కైజర్ పర్మనెంటే నడిచేదీ ఇదే తీరులో.

బలాలు

భార్యాపిల్లలకే కాదు, ఉద్యోగిపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. పాత జబ్బులున్నాయని పక్కన పెట్టరు. బీమా పాలసీల్లా ఏడాదికి ఇన్ని లక్షలన్న పరిమితి సాధారణంగా ఉండదు. తగినన్ని రోజులు చందా కట్టి ఉంటే, జబ్బుతో సెలవు పెట్టినప్పుడు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. ప్రసూతికి 26 వారాలు పూర్తి జీతం ఇస్తారు.

ఇబ్బందులు

ఈ పద్ధతిలో డిస్పెన్సరీయే తొలి గడప. అక్కడ మందులు లేకపోయినా, డాక్టరు రాకపోయినా రోగి ఆగిపోవాల్సిందే. రిఫరల్ లేకుండా సొంతంగా కార్పొరేట్ ఆస్పత్రిలో చేరితే ఖర్చు తిరిగి రావడం కష్టం. సనత్‌నగర్‌లోని ఈఎస్‌ఐ పెద్దాస్పత్రికి వెళ్లాలంటే సూర్యాపేట నుంచి సుమారు 135 కిలోమీటర్లు; కోదాడ వాళ్లకు ఇంకా దూరం. రోగితో పాటు తోడు వెళ్లేవారి రోజు కూలీ కూడా పోతుంది. జీతం 21,000 దాటితే, నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగిశాక చందా ఆగిపోతుంది; ఆ చందాకు సంబంధించిన ప్రయోజన కాలం ముగిశాక రక్షణ కూడా ఆగిపోతుంది. పెరిగిన జీతం చూసి మురిసిపోయి, ఇంట్లో వేరే బీమా లేదన్న సంగతి మరచిపోకూడదు.

ఇవి ఇప్పుడే చేయండి

• మీ ఐపీ నంబరుకు ఏ డిస్పెన్సరీ కేటాయించారో యజమాని దగ్గర కనుక్కోండి.
• కార్డులో తల్లిదండ్రులు, పుట్టిన బిడ్డల పేర్లు, ఆధార్ వివరాలు సరిగా ఉన్నాయో చూసుకోండి.
• యజమాని చందా కడుతున్నారో లేదో ఈఎస్‌ఐ పోర్టల్లో తరచూ గమనించండి.
• బీపీ, షుగరు ఉన్నవారు రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి.
• గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే రిఫరల్ కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి. వెంటనే డిస్పెన్సరీకి తెలియజేసి, బిల్లులు భద్రపరచండి. అత్యవసర చికిత్స ఖర్చు కోసం నిబంధనల ప్రకారం దరఖాస్తు చేసుకోవచ్చు.
• కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐలో ఉండి పదవీ విరమణ చేసినవారు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగించుకోవచ్చు.