రెడ్ డాట్ ఉంటే గురి తప్పదా..? .22 టార్గెట్ పిస్టల్‌కు సైట్ కొనే ముందు ఇది చదవండి

ఒక చేయి ప్యాంటు జేబులో.. కళ్లకు మామూలు అద్దాలు.. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో ఎంతగా వైరల్ అయిందో తెలిసిందే. 51 ఏళ్ల వయసులో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్ విభాగంలో ఆయన జోడీ రజతం కొట్టింది. అదే ఈవెంట్‌లో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ కాంస్యం తెచ్చారు. ‘ఏ పరికరమూ లేకుండానే మెడల్ కొట్టేశాడు’ అంటూ మీమ్స్ హోరెత్తాయి. అయితే ఆ మాటలో సగమే నిజం ఉంది. డికెచ్ పెట్టుకోనిది షూటింగ్ కళ్లజోడు, దానికి బిగించే ప్రత్యేక లెన్సు లాంటివి మాత్రమే. పిస్టల్ మీద గురి చూసే సైట్లు మాత్రం పక్కనున్న షూటర్లవి ఎలాంటివో ఆయనవీ అలాంటివే.

(సైట్ అంటే ఇక్కడ ప్లాటు కాదు లెండి. తుపాకీ మీద గురి చూసేందుకు ఉండే అమరిక.)

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. ఆ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ టీమ్ ఈవెంట్‌లో వచ్చింది. ఈ ఈవెంట్‌లో వాడేది .22 ఎల్ఆర్ రిమ్‌ఫైర్ పిస్టల్. అంటే తూటా అడుగున అంచు మీద పిన్ను తగిలితే పేలే రకం. శబ్దం తక్కువ, కుదుపు తక్కువ, గుళ్ల ఖర్చూ మిగతా వాటితో పోలిస్తే తక్కువే. ఎయిర్ పిస్టల్ నుంచి ఈ పిస్టల్‌కు మారే పిల్లల ఇళ్లలో ఓ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘మంచి రెడ్ డాట్ సైట్ కొనిస్తే స్కోరు పెరుగుతుందా?’

ఒలింపిక్ తరహా పోటీల కోసమైతే సమాధానం సూటిగా చెప్పొచ్చు. కొన్నా వాడనివ్వరు.

రూల్ ఏం చెబుతోంది?

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల ప్రకారం పిస్టల్ ఈవెంట్లలో ఓపెన్ సైట్లకు మాత్రమే అనుమతి. టెలిస్కోప్, అద్దం, లేజర్, ఎలక్ట్రానిక్ చుక్క.. ఇవేవీ కుదరవు. సైట్ల మీద మూత లాంటి కవచం కూడా ఉండకూడదు. పిస్టల్‌కు లెన్సు గానీ ఫిల్టర్ గానీ బిగించకూడదు. కళ్లజోడులో పెట్టుకోవచ్చు, తుపాకీ మీద మాత్రం వద్దు. 25 మీటర్ల పిస్టల్‌కు ఇంకొన్ని లెక్కలున్నాయి. బరువు 1400 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాముల బరువును ఆపాలి. రెండు సైట్ల మధ్య దూరం గరిష్ఠంగా 220 మిల్లీమీటర్లు. పోటీకి ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో ఇవన్నీ కొలుస్తారు. వేలకు వేలు పోసి తెచ్చిన డాట్ సైట్ అక్కడే ఆగిపోతుంది.

మరి ఎంచుకోవడానికి ఇంకేం మిగిలింది అనుకుంటున్నారా? అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

ఒక్క మిల్లీమీటరు.. 10 నుంచి 6కి!

ఓపెన్ సైట్ అంటే వెనక ఒక చదరపు గాడి, ముందు నిలువుగా ఒక నల్లటి పలక. గాడి మధ్యలో పలక నిలబడాలి. రెండు వైపులా వెలుతురు సందు సమానంగా ఉండాలి. రెండింటి పై అంచులు ఒకే గీతలో ఉండాలి. చెప్పుకోవడానికి ఇంతే. కానీ లెక్క చూస్తే గుండె ఝల్లుమంటుంది. సైట్ల మధ్య దూరం 220 మిల్లీమీటర్లు, టార్గెట్ 25 మీటర్ల దూరంలో. గాడిలో పలక ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే టార్గెట్ మీద గుండు దాదాపు 114 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ప్రెసిషన్ టార్గెట్‌లో పదో రింగు వ్యాసం 50 మిల్లీమీటర్లే. అంటే 10 పడాల్సిన చోట 6 పడుతుంది.

అదే సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి, చేయి మొత్తంగా ఓ సెంటీమీటరు పక్కకు ఊగిందనుకోండి.. గుండు కూడా ఆ సెంటీమీటరే తప్పుతుంది. ఇంకా పదో రింగులోనే ఉంటుంది! అందుకే కోచ్‌లు ‘టార్గెట్ చూడకు, ఫ్రంట్ సైట్ చూడు’ అని చెవినిల్లు కట్టుకుని పోరుతుంటారు. ముందు పలక స్పష్టంగా, టార్గెట్ కాస్త మసకగా కనిపించాలి. కొత్తవాళ్లకు ఇది మింగుడు పడదు. కొట్టాల్సిన దాన్ని చూడకుండా ఎలా కొడతామని వాదిస్తారు. పై లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపిస్తే వాదన ఆగుతుంది.

కాబట్టి సైట్ ఎంపికలో చూడాల్సింది ఒకటే. వెలుతురు సందుల్లో తేడా మీ కంటికి ఎంత తొందరగా తెలుస్తోంది? పార్డినీ, వాల్తర్, మొరీని లాంటి మ్యాచ్ పిస్టళ్లకు ముందు పలకలు వేర్వేరు వెడల్పుల్లో దొరుకుతాయి. చాలా మోడళ్లలో వెనక గాడి వెడల్పునూ మార్చుకోవచ్చు. పలక సన్నగా ఉంటే గురి పదునుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సన్న పలక వెలుతురులో కరిగిపోయినట్టు కనిపిస్తుంది, కన్ను దాన్ని వెతుక్కుంటూ అలసిపోతుంది. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లోని నల్ల వృత్తం 200 మిల్లీమీటర్లు. చేయి చాపి పట్టుకున్నప్పుడు ఫ్రంట్ సైట్ దగ్గర అది సుమారు 7 మిల్లీమీటర్లంత కనిపిస్తుంది. 4 నుంచి 5 మిల్లీమీటర్ల పలక దాని ముందు గట్టిగా, నల్లగా నిలబడుతుంది.

సందు విషయానికొస్తే.. ఒక్కో పక్క సందు పలక వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా పెట్టుకుని మొదలుపెట్టొచ్చు. మరీ ఇరుకైతే కన్ను అక్కడే చిక్కుకుపోతుంది, ట్రిగ్గర్ నొక్కడం ఆలస్యమవుతుంది. మరీ వెడల్పైతే పలక పక్కకు జరిగినా తెలియదు. ర్యాపిడ్ దశలో ఒక్కో గుండుకు టార్గెట్ కనిపించేది 3 సెకన్లే. అక్కడ కాస్త వెడల్పు సందే మేలు. మెరిసే ఫైబర్ చుక్కలున్న ఫ్రంట్ సైట్లు టార్గెట్ షూటింగ్‌కు పనికిరావు. కన్ను వెలిగే చుక్క మీదికి పోతుంది, పలక పై అంచు మీద నిలవదు. నిగనిగలాడే పలకా వద్దు. ఎండ ఒక పక్క నుంచి పడితే ఆ అంచు తెల్లబారి, గుళ్ల గుంపు మొత్తం జరిగిపోతుంది. మన దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండలో ఓపెన్ రేంజ్ మీద ఇది బాగా తెలుస్తుంది.

క్లిక్కులు రాసి పెట్టుకోండి

25 మీటర్ల పిస్టల్‌లో 30 గుళ్లు ప్రెసిషన్, 30 గుళ్లు ర్యాపిడ్. రెండింటికీ టార్గెట్ వేరు. ప్రెసిషన్‌లో చాలామంది నల్ల వృత్తం కింది అంచు దగ్గర, అంటే గడియారంలో ఆరు అంకె ఉండే చోట గురి పెడతారు. గుండు అక్కడి నుంచి 100 మిల్లీమీటర్లు పైకి, మధ్యలో పడేలా సైట్ సరిచేసుకుంటారు. ర్యాపిడ్ టార్గెట్‌లో నలుపు 500 మిల్లీమీటర్లు. దాని కింది అంచు ఎక్కడో ఉంటుంది. అందుకే గురి మధ్యలోనే పెట్టాలి. సైట్ మార్చడం మర్చిపోతే? ప్రతి గుండూ 10 సెంటీమీటర్లు పైన పడి 8తో సరిపెట్టుకోవాలి. దశ మొదట్లో ఇచ్చే 5 సైటింగ్ గుళ్లు కాపాడతాయి గానీ, ఆ కంగారు చేతిలో ఉండిపోతుంది.

అందుకే సైట్ కొనేటప్పుడు స్క్రూ తిప్పితే క్లిక్ స్పష్టంగా చేతికి తెలుస్తోందా, పది క్లిక్కులు పైకి పోయి పది కిందికి వస్తే మళ్లీ అదే చోట పడుతోందా అన్నది చూడాలి. ఒక క్లిక్కుకు ఎన్ని మిల్లీమీటర్లో ఒక్కో పిస్టల్‌ది ఒక్కో లెక్క. ఇంకో తిరకాసు ఉంది. స్క్రూ పక్కన ఉండే గుర్తు కొన్నింటిలో ‘గుండు అటు పోవాలంటే ఇటు తిప్పు’ అని, మరికొన్నింటిలో ‘గుండు అటు పోతుంటే ఇటు తిప్పు’ అని. ఒకదానికొకటి పూర్తి ఉల్టా! రెండు గుళ్లు కాల్చి తేల్చుకుని పుస్తకంలో రాసుకోవడం ఉత్తమం.

ముందు కన్ను.. తర్వాతే తుపాకీ

నలభై దాటినవాళ్లకు ఫ్రంట్ సైట్ మసకబారడం మామూలే. సెల్‌ఫోన్ దూరం పెట్టి చదివే వయసన్నమాట. వీళ్లలో చాలామంది సైట్లు మార్చి మార్చి విసిగిపోతారు. తప్పు సైట్‌ది కాదు. కంటి డాక్టర్ దగ్గర దూరపు చూపుకిచ్చిన నంబరుకు సాధారణంగా +0.50 నుంచి +0.75 వరకు కలిపిన లెన్సు వేస్తే పలక తేటగా కనిపిస్తుంది, టార్గెట్ కూడా పూర్తిగా మాయం కాదు. చత్వారపు అద్దాలు పెట్టుకుంటే మాత్రం పలక కంటే బాగా దగ్గరున్నవే స్పష్టంగా ఉంటాయి, టార్గెట్ మంచులో కలిసిపోతుంది. ప్రోగ్రెసివ్ అద్దాలైతే తల ఏ కోణంలో ఉంటే ఆ నంబరు. స్కోరు కూడా అలాగే ఉంటుంది. రెండో కన్ను మూసుకోకుండా దానికి అడ్డంగా 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని రేకు పెట్టుకోవచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. ఒక కన్ను గట్టిగా మూస్తే రెండో కన్నూ ఒత్తిడికి గురవుతుంది.

మరి రెడ్ డాట్ దేనికి?

అమెరికాలో బుల్స్‌ఐ అని పిలిచే ప్రెసిషన్ పిస్టల్ పోటీల్లో ఆప్టిక్స్‌కు అనుమతి ఉంది. 25, 50 గజాల దూరంలో ఒంటి చేత్తో కాల్చే ఆట. అక్కడ .22 మీద రెడ్ డాట్ సర్వసాధారణం. అక్కడున్న మనవాళ్లలో ఈ సరదా ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. హెచ్1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలపై ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని కొన్ని మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఇక్కడ మన దగ్గరైతే .22 పిస్టల్‌కు ఆయుధ లైసెన్స్ తప్పనిసరి.

డాట్ కొనేటప్పుడు చుక్క సైజు చూడాలి. దీన్ని ఎంఓఏ అనే కొలతలో చెబుతారు. 25 మీటర్ల దగ్గర ఒక ఎంఓఏ అంటే దాదాపు 7 మిల్లీమీటర్లు. 6 ఎంఓఏ చుక్క సుమారు 44 మిల్లీమీటర్లు కప్పేస్తుంది. పదో రింగు దాదాపుగా దాని వెనకే దాక్కుంటుంది. ప్రెసిషన్‌కు 2 నుంచి 4 ఎంఓఏ చాలు. .22 కుదుపు తక్కువ కాబట్టి పెద్ద తుపాకుల కోసం చేసిన బరువైన సైట్ అక్కర్లేదు. పైన బరువు పెరిగితే మణికట్టు వాలిపోతుంది. రూగర్ మార్క్ 4 లాంటి వాటిలో పై భాగం కదలదు, లోపల బోల్టు మాత్రమే వెనక్కి ముందుకు ఆడుతుంది. అలాంటి పిస్టల్ మీద బిగించిన సైట్ చాలా కాలం కుదురుగా ఉంటుంది. పిస్టల్ మీదున్న పట్టా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిలా, వెడల్పాటి వీవర్ రకమా అన్నది ముందే చూసుకోకపోతే మౌంట్ కోసం మళ్లీ షాపు చుట్టూ తిరగాల్సిందే.

డాట్‌తో ఓ చిక్కుంది. చేతి వణుకు మొత్తం చుక్కలో కనిపిస్తుంది. ఐరన్ సైట్‌తోనూ అంతే వణుకుతాం, కాకపోతే కనబడదు. చుక్క మధ్యకు రాగానే చటుక్కున నొక్కేయాలనిపిస్తుంది. ఆ చటుక్కులోనే గుండు కిందికి పోతుంది. కొందరు కోచ్‌లు దీన్నే పాఠంగా వాడతారు. ఖాళీ పిస్టల్‌తో గోడవైపు ట్రిగ్గర్ నొక్కిస్తూ చుక్క ఎటు ఎగిరిందో చూపిస్తారు. పిల్లాడికి తన తప్పు తన కంటికే కనిపిస్తుంది. ఒలింపిక్ ఈవెంట్లకు తయారయ్యేవాళ్లకు డాట్ ఇలా అప్పుడప్పుడూ పనికొస్తుంది. కానీ రోజూ దానితోనే ప్రాక్టీస్ చేస్తే పలక చూసే అలవాటు పోతుంది.

కొనే ముందు షాపులోనే ఓ పరీక్ష చేయొచ్చు. సైట్‌ను బల్ల మీద కదలకుండా పెట్టి, 25 మీటర్ల దూరంలో ఉన్న వస్తువు మీద చుక్క ఆనించండి. తల మాత్రం అటూ ఇటూ కదిపి చూడండి. చుక్క ఆ వస్తువును వదిలి బాగా జరిగిపోతుంటే దానికి పారలాక్స్ ఎక్కువ ఉన్నట్టు. అలాంటిది తీసుకోకండి. వెలుగును బాగా తగ్గించే వీలుందా అన్నది కూడా చూడండి. ఇండోర్ రేంజ్‌లో ఎక్కువ వెలుగు పెడితే చుక్క చుక్కలా ఉండదు, చుట్టూ పూవులా విచ్చుకుంటుంది.