కోట్ల ఆటగాడు లేకపోతే ఆట సప్పగుంటాదా?

సంక్రాంతి దగ్గరకొస్తే మన ఏజెన్సీ ఊర్లలో ఒకటే మాట: ఈసారి టోర్నమెంటుకి కింద నుంచి ఎవుల్ని తెస్తన్నారు? కింద అంటే మైదానం, విశాఖపట్నం వైపు. పేరున్నోడు ఇద్దరైనా లేకపోతే జనం రారని కొందరు కమిటీవోళ్ల లెక్క. కబడ్డీకైనా, వాలీబాల్‌కైనా ఇదే లెక్క. ఇది నిజమేనా?

దీనికి జవాబు మన తెలుగు టైటాన్స్ కాడే ఉంది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటికి ప్రో కబడ్డీలో అదే రికార్డు ధర. పవన్ తన పని తాను చేశాడు, ఆ సీజన్లో 200కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. మరి జట్టు? 22 మ్యాచుల్లో గెలిచినవి రెండు. పట్టికలో అడుగున, పన్నెండో స్థానం.

ఏటి కారణం? కబడ్డీ లెక్కే అంత. కూతకి ఒక్కడే ఎల్తాడు గానీ పట్టుకునేది ఏడుగురూ కలిసి. ఆ ఒక్కడు దొరికిపోతే బయట బెంచీ మీద కూకోవాల, మనోళ్లు ఎవరినైనా అవుట్ చేసేదాకా లోపలికి రాలేడు. కోట్లు బెంచీ మీదుంటే ఆటెవులాడతారు? అవతలోళ్లకీ పని సులువు: ఆ ఒక్కడి మీదే కన్నేస్తే సాలు.

2022లో ఇంకా సిత్రం జరిగింది. అదే పవన్‌ని తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకి కొంటే, మొదటి మ్యాచులోనే మోకాలు దెబ్బతిని సీజనంతా పోయాడు. అయిపోయింది అనుకున్నారు. అంతవరకూ పెద్దగా పేరు తెలీని నరేందర్ 200 రైడ్ పాయింట్లు దాటించాడు, తలైవాస్ మొదటిసారి సెమీఫైనల్‌కి ఎల్లింది. ఆ సీజన్లో వాళ్ల ఆట సూడబుద్ధి కాలేదని ఎవరైనా అన్నారా?

2025 ఆగస్టు 29న విశాఖపట్నంలోనే సీజన్ మొదలైంది. పవన్ అవతలి పక్క, తలైవాస్‌లో. ఆ రాత్రి మనోళ్లు మూడు పాయింట్ల తేడాతో ఓడారు. అయినా విజయ్ మలిక్, భరత్ లాంటోళ్లతో ఫైనల్‌కి ఒక్క మెట్టు కిందదాకా ఎల్లారు.

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌కీ ఇదే వాదన. పెద్ద కాలేజీలు దేశంలో మేటి కుర్రోళ్లని ఏరుకుపోతాయి. 2022లో సెయింట్ పీటర్స్ అనే సిన్న కాలేజీ కెంటకీ లాంటి కొమ్ములు తిరిగిన జట్టుని ఓడించి చివరి ఎనిమిదిలోకి ఎల్లింది. ఆ ఏడాది జనం ఎక్కువగా సెప్పుకున్నోటిలో అదొకటి.

అలాగని పేరున్నోళ్లు వద్దనలేం. 2014లో లీగ్ మొదలైనప్పుడు రాహుల్ చౌదరి కూతకెల్తే సూడ్డానికే ఎందరో టీవీ ముందు కూకున్నారు. గుంటలకి ఆశ పుట్టించేది అలాంటోళ్లే. సొంత ఊరి కుర్రోళ్లని గట్టు మీద కూకోబెట్టి కిరాయోళ్లని దించడం మాత్రం వేరే ఇషయం. ఆశ్రమ పాఠశాలలో ఏడాదంతా మట్టిలో ఆడిన గుంటడు పండగనాడు నీళ్ల బాటిళ్లు అందిస్తా ఉంటే, వచ్చే ఏడు ఆడ్డానికి వస్తాడా? వాడి కోసం వచ్చే అమ్మా, అక్కా, పక్కింటోళ్లూ రారు గదా. టికెట్ లేని మన టోర్నమెంటుకి జనం అంటే ఆళ్లే.

కమిటీలు ఈ సంక్రాంతికి ఒక నిబంధన పెట్టి సూడొచ్చు: జట్టుకి బయటోడు ఒక్కడే, మిగతా ఆరుగురూ పంచాయతీ లోపలోళ్లే. ప్రైజులో ఒక వంతు ఊరి కుర్రోడికే, ఎక్కువ పాయింట్లు తెచ్చినోడికి.