విన్న పాటే... వినని బేస్!

‘గీతాంజలి’ (1989) పాటలు ఫోన్‌లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కానీ, పల్లవి కింద బేస్ గిటార్‌తో ఇళయరాజా ఇంకో పాటే నడిపించారని మొన్ననే తెలిసింది!

కారణం, మా హాల్లోకి కొత్తగా వచ్చిన వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1 బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. ఒక్కోదాంట్లో 130 మి.మీ. వూఫర్, 25 మి.మీ. ట్వీటర్. కళ్లు మూసుకుంటే బాలు గొంతు రెండింటి నడుమ, ఏమీ లేని చోటు నుంచి వస్తోంది! రెండు వైపుల నుంచీ ఒకే శబ్దం ఒకేసారి చెవుల్ని చేరితే, మెదడు దాన్ని మధ్యలో ఉన్నట్టు లెక్కేస్తుంది. స్టీరియో మాయ అదే.

పేరు బుక్‌షెల్ఫ్ కదా అని అరలో ఇరికించకండి. గోడకు ఆనిస్తే బేస్ బండగా మోగుతుంది. అడుగు ముందుకు జరిపి చూశా... ఒక్కో స్వరం విడిగా వినిపించింది. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. మీరూ, రెండు స్పీకర్లూ కలిసి సమబాహు త్రిభుజంలా కుదిరితే ఇంకా మంచిది.

గుండెలదిరే డీజే బేస్ మాత్రం వీటితో రాదు, దానికి సబ్‌వూఫర్ కావాలి. యాంప్లిఫయర్ ఖర్చు కూడా వేరే.

కొనేముందు మీకు కంఠతా వచ్చిన పాటే షాపులో పెట్టించుకోండి. అందులో ఇప్పటిదాకా విననిదేదో వినిపించిందా? అయితే బిల్లు వేయించేయొచ్చు.