గుర్తు తెలియని వస్తువు – కర్త లేని వాక్యం

తుపాను వేళ నిజాంపట్నం హార్బరులో ఎగరేసే ప్రమాద సూచికకు వ్యాఖ్యాత అక్కర్లేదు. మూడో నంబరుకూ పదో నంబరుకూ ఉన్న తేడా బడి మొహం చూడని మత్స్యకారుడికి కూడా తెలుసు. ఆ అంకె ప్రభుత్వ భాషే. ప్రాణాలతో వ్యవహారం గనుక దాని అర్థం ముందే నిర్ణయమై ఉంటుంది. ఆకాశంలో కనిపించిన వింత వస్తువుల గురించి ప్రభుత్వాలు మాట్లాడేటప్పుడు ఈ స్పష్టత ఏమవుతుంది? గ్రహాంతరవాసుల సంగతి శాస్త్రజ్ఞులు తేలుస్తారు. వాక్యం సంగతి తేల్చవలసింది సాహిత్య విద్యార్థులమైన మనం.

2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర ఏదో వస్తువు కనిపించి, విమానాల రాకపోకలు ఆగిపోయాయి. వైమానిక దళ ప్రకటన సారాంశం ఇది: విమానాశ్రయం నుంచి అందిన సమాచారంతో గగనతల రక్షణ వ్యవస్థను కదిలించాం, ఆ చిన్న వస్తువు తర్వాత కనిపించలేదు. మొదటి సగంలో కర్త ఉన్నాడు. రెండో సగంలో చూసినవాడు మాయమయ్యాడు. ఎవరికి కనిపించలేదు? పైలట్లకా, రాడారుకా, నేలమీది వారికా? మన మీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణంగా ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టారు. ఉంటే కనబడి తీరవలసిన వస్తువు కనబడనప్పుడే ‘లేదు’ అనాలి. ‘కనిపించలేదు’ అన్నంత మాత్రాన ‘లేదు’ అని కాదు. ‘ఎగిరిపోయింది’ అనీ కాదు.

విశేషణాలను ఇంకా జాగ్రత్తగా చూడాలి. 1947 జూలైలో రాస్‌వెల్ దగ్గర ‘ఎగిరే పళ్ళెం’ దొరికిందని అమెరికా సైనిక స్థావరమే ప్రకటించింది. వెంటనే మాట మార్చి, అది వాతావరణ బెలూన్ అంది. ఆ శకలాలు సోవియట్ అణు పరీక్షల ఆచూకీ కోసం రహస్యంగా ఎగరేసిన బెలూన్లవి అయి ఉండాలని 1994లో వైమానిక దళమే నివేదించింది. అంటే విశేష్యం నిజం, విశేషణం అబద్ధం. ప్రచ్ఛన్న యుద్ధ రహస్యాన్ని కాపాడిన ఆ ఒక్క విశేషణం మీద దశాబ్దాల పుస్తక, సినిమా వ్యాపారం పెరిగింది. పాలకుడికి రహస్యం కావాలి, వ్యాపారికి అద్భుతం కావాలి. ఇద్దరికీ పనికొచ్చింది అస్పష్టతే.

2021 జూన్‌లో అమెరికా గూఢచార విభాగం 144 ఘటనలను పరిశీలించి, ఒక్కదాన్నే గట్టిగా గుర్తించగలిగింది. అది గాలి తగ్గుతున్న బెలూన్. మిగిలిన 143కు వాచ్యార్థం ‘సమాచారం చాలదు’ అనే. ‘మరో లోకం’ అన్నది చదివేవాడు కల్పించుకున్న వ్యంగ్యార్థం. గ్రహాంతర సాంకేతికతకు ఆధారం దొరకలేదని 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖ చెప్పింది. అయినా వ్యంగ్యాన్ని పుట్టనిచ్చి, వాచ్యం వెనక దాక్కునే సౌకర్యాన్ని ఏ ప్రభుత్వమూ వదులుకోదు.

మన దగ్గరి అనుభవం వేరే పాఠం చెబుతుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో పొలాల్లో పెద్ద గుండ్రటి వస్తువు దిగింది. జనం విరగబడి చూశారు. హైదరాబాదులోని టాటా పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ప్రయోగార్థం ఎగరేసిన బెలూనుకు కట్టిన గది అది అని తేలింది. కర్త పేరు బయటికి రాగానే వింత చల్లారింది.

కాబట్టి ఏ ప్రకటననైనా మూడు ప్రశ్నలతో చదవాలి: కర్త ఎవరు? విశేషణం దేన్ని కప్పుతోంది? వాక్యం ఏది చెప్పకుండా ఆగింది? ఆ ఖాళీని ఊహతో నింపే రచయిత తెలియకుండానే పాలకుడి పని చేసిపెడుతున్నాడు. పదో నంబరును నమ్మి పడవను ఒడ్డుకు లాగే మనిషికి మిగతా ప్రకటనల్లోనూ అంత స్పష్టతను అడిగే హక్కుంది. ఆ అడగడాన్ని నేర్పవలసింది మనమే.