పొల్లుతోఁ బోవు గింజలు



ధాన్యమును చెఱుగునపుడు పొల్లుతోఁ గొన్ని గట్టిగింజలును ఎగిరిపోవుట మన మందఱ మెఱిఁగినదే. ఈమెయిలు ఉత్తరముల విషయమునను ఇట్టి నష్టమే కలుగుచున్నది. కోరకయే వచ్చిపడు వ్యాపారపు ఉత్తరములకును, మోసపు ఉత్తరములకును స్పామ్ అని పేరు. వానిని వేఱుచేయు సాధనము ఫిల్టరు. ఆ ఫిల్టరు ఒక్కొకప్పుడు మంచి యుత్తరమును గూడ స్పామ్ పెట్టెలోఁ బడవేయును. సాంకేతికపు గుఱుతులు గల యుత్తరముల కీ యపాయము కలదు.

ఆ గుఱుతు లెట్టివి? అచ్చున కిచ్చు ప్రతిలో ‘ఇది శీర్షిక’, ‘ఇచ్చటఁ గ్రొత్త పేరా’ అని అంచున వ్రాయుదురు గదా! కంప్యూటరునకును అట్టి సూచనలే కావలెను. హెచ్.టి.ఎం.ఎల్. అనునది అట్టి గుఱుతుల పద్ధతి. అందు ‘ఎఫ్’ అను అక్షరము రెండుమాఱులును, పిమ్మట నాలుగు సున్నలును వ్రాసినచో నది యెఱ్ఱరంగు.

ఫిల్టరు ఉత్తరముయొక్క భావమును మనవలె గ్రహింపదు; లక్షణములను లెక్కించును. 2002లో పాల్ గ్రాహమ్ అను ప్రోగ్రామరు ఇట్టి లెక్క నొకదానిని వివరించెను. తన మంచి యుత్తరములను, స్పామును వేఱువేఱుగాఁ బ్రోగుచేసి, ఏ మాట ఏ రాశిలో నెన్నిమాఱులు వచ్చెనో చూచెను. క్రొత్త యుత్తరములో మిక్కిలి విశేషములైన 15 మాటలను బట్టి తీర్పు. 1763లో ప్రకటింపఁబడిన థామస్ బేయ్స్ గణితసూత్రము దీనికి మూలము. ఆ లెక్కలో ఎఱ్ఱరంగు గుఱుతు అశ్లీలపదములతో సమానమైన సాక్ష్యమయ్యెను. ఆయనకు వచ్చిన స్పామునం దది విరివిగా నుండుటయే హేతువు. ఆ గుఱుతునే శిష్యునకుఁ బాఠముగా వ్రాసి పంపిన గురువు ఉత్తరముపైనను అనుమానము కలుగవచ్చును.

మంచి యుత్తరము పోవుట, స్పాము వచ్చుటకంటె గొప్ప నష్టమని గ్రాహమ్ తలఁచెను. అందుచేత మంచి రాశిలోని మాటలను రెండింతలుగా లెక్కించెను. నేఁటి ఫిల్టర్లు ఇంకను అనేక లక్షణములను చూచును. అయినను పొరపాటు తప్పలేదు.

నివారణోపాయములు కలవు. పంపువారు గుఱుతుల పాఠమును ఉత్తరమునం దంతట నింపక, సాదా ఫైలుగా జతచేసి, అది యేమో తేటమాటలలోఁ దెలుపవలెను. హెచ్.టి.ఎం.ఎల్. ఉత్తరమైనచో దానితోఁ గూడ గుఱుతులు లేని ప్రతియు నుండవలెను. పూర్వము లక్కముద్ర యెట్లో, పంపిన సంస్థకు డీకిమ్ అను సంతకమట్లు. అది యుండుట మేలు. అందుకొనువారు పంపువారి చిరునామాను తమ పట్టికలోఁ జేర్చుకొనవలెను. స్పామ్ పెట్టెలో మంచి యుత్తరము కనఁబడినచో ‘స్పామ్ కాదు’ అని గుఱుతింపవలెను. ఫిల్టరునకు అదియే పాఠము. జీమెయిలులో ఆ పెట్టెలోని యుత్తరములు 30 దినములకుఁ దొలఁగింపఁబడును గావున ఆలస్యము తగదు.

‘ఉత్తరము వ్రాయలేదు’ అని దూరమున నున్న బిడ్డను నిందించుటకు ముందు ఆ పెట్టెను తెఱపించి చూడుఁడు. ఇల్లాలు పొల్లును పాఱఁబోయుటకు ముందు ఒకమాఱు చేతితో వెదకి చూచును. మనమును అట్లే చేయుదము.